ఎడమ గుండీల చొక్కాలు

సోల్వెయ్‌ని పనిలోంచి తీసేసింది నిద్రపోతూ దొరికిందనేనట. కంప్యూటరుకి పని అప్పజెప్పేసి, పక్కన కూర్చుని కాఫీ మీద కాఫీ తాగి, మధ్యాహ్నమయ్యేసరికి కునుకు తీసేదట. అలా కునుకు తీసిన ఒకనాడే కంపెనీలోని మగాళ్ల చొక్కాలన్నీ ఆడవాళ్ల చొక్కాలై కూర్చున్నాయట. మన బ్లాకు కింద, నేలమాళిగలోని బట్టలుతికే గదిలో ఈ మాట చాలాకాలంగా నలుగుతోంది. మొదలుపెట్టింది రెండో అంతస్తు ఉల్లా. మిగతావాళ్లు ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు కాస్త చక్కెర కలుపుతూ వచ్చారు.

ఇందులో చొక్కాల సంగతి నిజం. కాఫీ సంగతీ నిజమే. స్వీడన్‌లోని ఈ బోరోస్ ఊళ్లో కాఫీ తాగని మనిషి ఎవరున్నారు గనక? నిద్ర సంగతి మాత్రం పచ్చి అబద్ధం. ఆ కుర్చీలో సోల్వెయ్ నిజంగా నిద్రపోయి ఉంటే బాగుండేది, ఆ మనిషికి నిద్ర అంత బాకీ. ఇన్నాళ్లూ ఈ మాటని ఎవరూ సరిదిద్దలేదంటే కారణముంది, సరిదిద్దాలంటే సోల్వెయ్‌తో కలిసి పనిచేసిన ఇర్యా చెయ్యి సంగతి బయటపెట్టాలి. ఇప్పుడా అడ్డు లేదు. ఇర్యా పింఛను పుచ్చుకుని ఫిన్లాండులో చెల్లెలింటి పక్కన ఇల్లు చూసుకుంది. మొన్నామధ్య మొదటి అంతస్తు మైబ్రిట్‌కి ఫోను చేసి, "ఇంకా అదే మాట అంటున్నారా ఆవిణ్ణి? చెప్పెయ్యండి అందరికీ. నా చేతికి ఇంక సిగ్గేమిటి?" అంది. మైబ్రిట్ చెవిన పడ్డాక ఏ మాటైనా గదిలో ఒంటరిగా ఉండదని ఇర్యాకి తెలియదా!

సోల్వెయ్ చేసింది పోస్టులో బట్టలు పంపే కంపెనీలో. ఈ ఊళ్లో ఏ తలుపు తట్టినా అలాంటి చోట చేసినవాళ్లే. కొందరు కుట్టారు, కొందరు మడతలు పెట్టారు, కొందరు అట్టపెట్టెలకి టేపు వేశారు. సోల్వెయ్ మొదట మడతలు పెట్టేది. బట్టల బొమ్మలుండే లావుపాటి పుస్తకం పోయి, అందరూ తెర మీద చూసి కొనుక్కోవడం మొదలయ్యాక ఆమెని ఫోటోల గదికి మార్చారు. ఆ గదికి కిటికీ లేదు. ఎదురెదురుగా రెండు బల్లలు. ఒకదాని దగ్గర సోల్వెయ్, రెండోదాని దగ్గర ఇర్యా.

పనేమిటంటే, ఫోటో తెరవాలి. చొక్కా చుట్టూ కనిపించే గోడనీ బల్లనీ కత్తిరించెయ్యాలి. వెనక తెల్లగా చెయ్యాలి. పెద్ద సైజు ఒకటి చేసి సేవ్ చెయ్యాలి. మళ్లీ తెరిచి మధ్య సైజు, సేవ్. ఫోనులో చూసేవాళ్లకి చిన్నది, సేవ్. కొన్నవన్నీ వరసగా కనపడే చోటికి గోరంతది ఇంకొకటి, సేవ్. మూసెయ్యాలి. తరవాతి చొక్కా. దాని తరవాతది, అదే చొక్కా నీలం రంగులో. దాని తరవాత బూడిద రంగులో. సాయంత్రం బస్సులో కళ్లు మూసుకుంటే కాలర్లు బారులు తీరి నిలబడేవి సోల్వెయ్‌కి. ఇంట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ కూడా, ఒక్కోటి అయ్యాక చూపుడువేలు తనంతట తనే బల్ల మీద టక్కుమని పడేది. దుంపని కూడా సేవ్ చేస్తున్నట్టు. అది చూసి నవ్వుకునే ఓపిక కూడా ఉండేది కాదు. తిని పడుకునేది. నిద్ర మాత్రం వచ్చేది కాదు.

ఇర్యా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కన్నెపిల్లగా ఫిన్లాండునుంచి వచ్చి, ఓడ దిగి నేరుగా కుట్టుమిషను ముందు కూర్చుంది. అప్పటినుంచీ ఆ కంపెనీయే. సోల్వెయ్ కన్నా చాలా ముందు చేరింది. ఆమె కుడిచెయ్యి పట్టు తప్పుతోందని సోల్వెయ్‌కి తెలిసింది కాఫీ దగ్గర.

"ఏదీ, చూపించు."

"ఏముంది చూపించడానికి? చెయ్యి."

"కప్పు ఎడంచేత్తో పట్టుకున్నావు."

"ఎడంచెయ్యి కూడా నాదే."

"ఇర్యా!"

"అరవకు. మౌస్ పట్టుకుంటే మోచేతి దాకా లాగుతోంది, అంతే. కుట్టుమిషను కాలికి పని చెప్పింది, ఇది చేతికి చెబుతోంది. ఒళ్లు అరిగిపోవడానికేగా ఉంది."

ఎడంచేత్తో కప్పయితే ఎత్తగలదు గానీ, మౌసు పట్టి వేగంగా పని చెయ్యలేకపోయేది. శుక్రవారం శుక్రవారం ఫోటోల విభాగంలో ఎవరో ఒకరు ఇంట్లో చేసిన కేకు తేవడం వాడుక. ఆ కేకు తింటూనే హోకాన్ ఎవరు ఎన్ని ఫోటోలు పూర్తి చేశారో చదివేవాడు. హోకాన్ అంటే విభాగం పెద్ద. వీళ్లలాగే కిందనుంచి, పెట్టెలు మోస్తూ చేరినవాడే, పైకి వచ్చాడు. చదివేటప్పుడు గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. "ఇర్యా, ఈ వారం కొంచెం నెమ్మది," అనేవాడు, నోట్లో ముక్క పెట్టుకుని. ఇర్యా తల ఊపేది. పింఛనుకి ఇంకా కొంతకాలం ఉంది. ఆ లోపల ఆపేస్తే బతుకంతా తక్కువ పింఛనుతో సరిపెట్టుకోవాలి. ఆ వయసులో, ఆ చేత్తో ఇంకెవరూ పని ఇవ్వరు. ఫోటోల పని మొత్తాన్ని ఎక్కడో దూరదేశానికి పంపేస్తారన్న గుసగుస కూడా అప్పుడే మొదలైంది. వెనకబడినవాళ్లని ముందు పంపుతారని ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

మాక్రో అనే కంప్యూటరు కిటుకు సోల్వెయ్ కంట పడింది యాదృచ్ఛికంగానే. ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కింది. ఎన్నడూ చూడని చిన్న పెట్టె తెరుచుకుంది, అందులో ఒక ఎర్ర చుక్క. చుక్క వెలుగుతున్నంతసేపూ నువ్వు ఏం చేస్తే అది గుర్తుపెట్టుకుంటుంది, తరవాత ఒక్క మీట నొక్కితే ఎన్ని ఫోటోలకైనా అదే చేసుకుపోతుంది. భోజనం వేళ అందరూ వెళ్లాక ఒక చొక్కాకి మొదటినుంచి చివరిదాకా చేసి చూపించింది. చుక్క ఆర్పింది. మీట నొక్కింది.

చొక్కాలు వాటంతట అవే తెరుచుకున్నాయి. కత్తిరింపు, తెలుపు, పెద్దది, మధ్యది, చిన్నది, గోరంతది, మూత. తరవాతిది. సోల్వెయ్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. సంతోషం వేస్తుందేమో అనుకుంది. వెయ్యలేదు. ఇన్నేళ్లూ ఇది ఇక్కడే ఉందా, ఈ పక్కనే, అనిపించింది. పోయిన ఏళ్లన్నీ ఇంక తిరిగి రావు అన్నంత నీరసం ఆవరించింది.

ఇంకొకరయితే ఆ మధ్యాహ్నంనుంచి హాయిగా కూర్చునేవాళ్లు. ఉల్లా చెప్పే కథలో సోల్వెయ్ అదే చేసింది. నిజానికి ఆమె చేసిందేమిటంటే, తన వాటా అయిపోగానే ఇర్యా ఫోల్డరు తెరిచి, అందులో మిగిలినవాటి మీద కూడా మీట నొక్కింది.

మర్నాడు ఇర్యా తెరకేసి చూసి చూసి, బల్ల మీదుగా తొంగిచూసింది.

"నా చొక్కాలు ఎవరో చేసేశారు."

"దయ్యాలేమో."

"స్వీడన్ దయ్యాలకి అంత ఓపికెక్కడిది? ఆరో తరగతి పిల్లలకన్నా ముందే ఇంటికి పోతాయి."

"అయితే మీ దేశం దయ్యాలే అయ్యుంటాయి. కాఫీ పొయ్యి."

ఇర్యా కాఫీ పోసింది, ఎడంచేత్తో. దాని గురించి ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. ఇర్యా కొన్నిటిని తను చేసేది, మిగతావి దయ్యాలు చేసేవి. శుక్రవారం హోకాన్, "ఇర్యా, బాగా పుంజుకున్నావు!" అన్నాడు. ఇర్యా కేకు ముక్కని రెండుగా కోసి పెద్ద ముక్క సోల్వెయ్ పళ్లెంలో పెట్టింది. అంతే.

ఆ తరవాత వసంతకాలం బట్టలు వచ్చాయి. కొత్త సైజులు చెప్పారు. అంటే మాక్రో మళ్లీ కొత్తగా చూపించాలి. ఆ పొద్దున్న సోల్వెయ్ కళ్లు మండుతున్నాయి, ముందు రాత్రి కంటి మీద కునుకు లేదు. మొదటి ఫోటో మగవాళ్ల తెల్ల చొక్కా. దాని చెయ్యి మడత అటు కాకుండా ఇటు తిరగాలి, అద్దంలోలా తిప్పెయ్యమని ఫోటోలు తీసే అబ్బాయి చెప్పి పంపాడు. మామూలుగా అయితే అది ఆ ఒక్క ఫోటోకే. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న చెయ్యి కదా, అడగగానే తిప్పేసింది. ఎర్ర చుక్క వెలుగుతోందని ఆ క్షణంలో గుర్తు లేదు. యంత్రం మాత్రం గుర్తుపెట్టుకుంది. చొక్కాని తిప్పడం కూడా పనిలో భాగమే కాబోలని నేర్చుకుంది. తన ఫోల్డరు మీదా, ఇర్యా ఫోల్డరు మీదా సోల్వెయ్ మీట నొక్కింది. ఇద్దరూ కాఫీకి వెళ్లారు.

తెల్ల వెనకతలం మీద సాదా చొక్కా. రాతలు లేవు, బొమ్మలు లేవు. తిరగబడితే ఎవరికి తెలుస్తుంది? ఇంకే ఊళ్లో అయినా ఎవరికీ తెలిసేది కాదు. ఇది బోరోస్. గుండీలు కుట్టి, కాజాలు తీసి పింఛను పుచ్చుకుంటున్న ఆడవాళ్లు ప్రతి మెట్ల వరసలో ఒకరుంటారు. మగాడి చొక్కాకి గుండీలు కుడివైపు, ఆడదాని చొక్కాకి ఎడమవైపు. జేబు గుండె మీద ఉండాలి. వాళ్లకి ఇది చదువుకున్న సంగతి కాదు, చేతి వేళ్లలోనే ఉంది. చొక్కాలు తెర మీదికి వచ్చిన రోజే కంపెనీ ఫోను మోగడం మొదలెట్టింది.

అందరికన్నా ముందు మోగించింది తనేనని ఉల్లా ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ ఫోను బట్టలుతికే గదిలోంచే చేసింది. మైబ్రిట్ పక్కనే నిలబడి విన్నది.

"ఇదిగో అమ్మాయ్, మీ తెల్ల చొక్కా ఎవరికి? మా ఆయనకి కొనాలా, నాకు కొనాలా? ... తేడా ఏమిటంటావేంటి, గుండీలు చూడు తల్లీ! ... మగాళ్లదని రాశారు, గుండీలు నావి. జేబు చూస్తే కుడివైపుంది. మా ఆయన గుండె కుడివైపు లేదే, ఉంటే ఇన్నేళ్లలో తెలిసేది. ... ఆఁ, మీ పెద్దాయనకి చెప్పు. ఉల్లా ఫోను చేసిందని చెప్పు."

పెట్టేసి, "నేను చెప్పకపోతే ఊరు ఏమైపోయేదో," అంది.

"ఊరేం కాదు గానీ నీ బట్టలు ఎరుపెక్కిపోతున్నాయి, మరలో ఎర్ర సాక్సు వేశావు," అంది మైబ్రిట్.

హోకాన్ ఫోటోల గదికి వచ్చాడు. తలుపు వేశాడు. అతను తలుపు వెయ్యడం వాళ్లెప్పుడూ చూడలేదు. సోల్వెయ్ తెర మీద ఆమె ఫోల్డరు తెరిచాడు, తరవాత ఇర్యాది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"నవ్వొస్తోందనుకోండి," అన్నాడు, నవ్వకుండా. "కానీ ఒకటి అర్థం కావడం లేదు. ఇద్దరివీ తిరగబడ్డాయి. ఒకే చొక్కా దగ్గర మొదలు. ఇద్దరు మనుషులు ఒకే తప్పు ఒకేలా ఎలా చేస్తారు?"

ఇర్యా నోరు తెరిచింది. ఆమె ఏం చెప్పబోయిందో ఎవరికీ తెలియదు, సోల్వెయ్ ముందే అందుకుంది.

"నాది. నేను చేసిన మాక్రో. ఇర్యా ఫోల్డరు మీద కూడా నేనే నడిపాను. తనకి దీంతో సంబంధం లేదు."

"మాక్రో అంటే?"

చూపించక తప్పలేదు. తప్పు అడుగు తీసేసి, మీట నొక్కింది. చొక్కాలు వరసగా తెరుచుకుని, కుదించుకుని, మూసుకుపోతున్నాయి. హోకాన్ కాసేపు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. తిడతాడేమోనని చూసింది సోల్వెయ్. తిట్టలేదు. అతని ముఖంలో కోపం కూడా లేదు. ఏదో కూడికలు చేసుకుంటున్న మనిషిలా ఉన్నాడు. అప్పుడు గానీ సోల్వెయ్‌కి తట్టలేదు తను చూపించినదేమిటో. ఇర్యాని కాపాడబోయి, ఈ గదికి ఒక్క కుర్చీ చాలునని తన చేత్తోనే చూపించేసింది.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు హోకాన్.

"చలికాలంనుంచి."

"చెప్పి ఉండాల్సింది, సోల్వెయ్."

"చెప్తే ఏమయ్యేది?"

హోకాన్ తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

రెండు కుర్చీల్లో ఒకటి తీసెయ్యడానికి నిర్ణయమైపోయింది. ఈ దేశపు చట్టం ప్రకారం పని తగ్గితే చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలి. ఆ లెక్కన వెళ్లాల్సింది సోల్వెయ్. ఇర్యా ముందు చేరింది గనక ఉండిపోవాలి. అంతా అలాగే అనుకున్నారు. కానీ ఒక సాయంత్రం సైకిళ్లు పెట్టే షెడ్డు దగ్గర హోకాన్ ఆగాడు. సన్నగా తుంపర పడుతోంది. సోల్వెయ్ సైకిలు తాళం తీస్తోంది.

"వరసలో నువ్వే వెనక, నిజమే," అన్నాడు. "కానీ యూనియన్ వాళ్లతో మాట్లాడితే అవసరమైన ఒక మనిషిని వరస తప్పించి ఉంచుకోవచ్చు. వాళ్లూ కాదనరు. ఈ యంత్రం సంగతి తెలిసింది నీకే."

"అయితే?"

"అయితే ఒక్క మాట చెప్పు చాలు. ఇర్యా ఒక్కతే దీన్ని నడపగలదా? నడపలేదంటే నువ్వుంటావు."

సోల్వెయ్ తాళంచెవి చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఇర్యా కొత్త మీట నొక్కాలంటే వేడి పెనాన్ని ముట్టుకుంటున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఫోల్డరు ఎక్కడుందో ఇప్పటికీ అడిగి తెరుస్తుంది. ఆ సంగతి సోల్వెయ్‌కి తెలుసు. హోకాన్‌కి తెలియదు.

"నడపగలదు," అంది.

"ఖాయమా?"

"ఖాయం."

హోకాన్ ఆమె ముఖం కేసి ఒక్క నిమిషం చూశాడు. టోపీ కిందికి లాక్కుని వెళ్లిపోయాడు.

అప్పటికి అది అబద్ధం. దాన్ని నిజం చెయ్యడానికే నోటీసు కాలమంతా సరిపోయింది. సోల్వెయ్ మాక్రోని మళ్లీ మొదటినుంచి కట్టింది. ఫోల్డరు వెతకడం కూడా దాని చేతికే ఇచ్చింది. పొద్దున్న వచ్చి ఎడంచేత్తో ఒక్క మీట నొక్కితే చాలు. ఇర్యా చెయ్యాల్సింది అయిపోయినవాటిని చూడటం, తేడా ఉంటే పక్కన పెట్టడం. చూడటంలో ఇర్యాని మించినవాళ్లు లేరు, కుట్టిన కళ్లు అవి.

"నొక్కు."

"నొక్కితే?"

"ఏదీ పేలదు, నొక్కు."

"మొన్న నొక్కితే మగాళ్లు ఆడాళ్లయ్యారు. ఈసారి ఏమవుతారో."

"ఈసారి పిల్లల బట్టలు. మహా అయితే పెద్దవుతారు. నొక్కవే!"

ఇర్యా కళ్లు మూసుకుని నొక్కేది. కొన్నాళ్లకి కళ్లు తెరిచి నొక్కింది. ఇంకొన్నాళ్లకి సోల్వెయ్ కాఫీకి వెళ్లి వచ్చేసరికి తనే నొక్కేసి కూర్చుంది. ఒకసారి మాత్రం నొక్కబోతూ ఆగి, "హోకాన్ నిన్నేమైనా అడిగాడా?" అంది.

"ఏం అడుగుతాడు? వరస ప్రకారం నేనే కదా."

ఇర్యా మీట నొక్కింది. ఆ షెడ్డు దగ్గర మాట ఇర్యాకి తెలిసింది చాలా తరవాత, తను పింఛనుకి వెళ్లిన రోజు కేకు కోస్తూ హోకానే చెప్పాడు. అప్పటిదాకా ఆమె ఆ ఒక్క కుర్చీలో, ఎడంచేత్తో, తన రోజులన్నీ పూర్తి చేసింది.

సోల్వెయ్ ఆఖరి రోజు కేకు కూడా తిని, డబ్బా కడిగి, ఇంటికొచ్చింది. ఆ తరవాత మధ్యాహ్నం దాకా కిటికీ తెరలు దించే ఉండేవి. నిద్రపోతోందని అనుకోవడానికి ఉల్లాకి ఇంకేం కావాలి? వెనక్కి లెక్కేసుకుని, ఆఫీసులోనూ నిద్రేనని తేల్చేసింది. సోల్వెయ్ ఆ మాట విన్నది. బట్టలుతికే గదిలో వినపడని మాటంటూ ఉండదు. విని, తన బట్టలు తను తీసుకుని పైకి వెళ్లిపోయేది. పని వెతికిపెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లడం, వాళ్లు కూర్చోమంటే కూర్చోవడం, మళ్లీ రమ్మంటే మళ్లీ వెళ్లడం. ఇప్పుడు వారంలో కొన్ని పూటలు ఒక బడిలో వంటగది గిన్నెలు తోముతుంది. అది కూడా ఒకదాని తరవాత ఒకటే.

ఒక విషయం సగమే తెలిస్తే మైబ్రిట్‌కి కాఫీ గొంతు దిగదు. ఇర్యా ఫోను చేసిన వారంలోనే సోల్వెయ్ వంతు ఎప్పుడో చూసుకుని, తన దుప్పట్లు కూడా బుట్టలో వేసుకుని కిందికి దిగింది. దుప్పట్లు సాఫు చేసే రోలరు దగ్గర సోల్వెయ్ ఒక్కతే ఉంది. పెద్ద దుప్పటి ఇద్దరు పట్టుకుని లాగితే తప్ప రోలరులోకి తిన్నగా పోదు. మైబ్రిట్ అడగకుండానే ఒక కొస అందుకుంది. ఇద్దరూ చెరోవైపూ లాగి, మడిచి, మళ్లీ లాగారు.

"ఇర్యా ఫోను చేసింది," అంది మైబ్రిట్.

"ఎలా ఉందిట?"

"చెయ్యి నయమట. అంతా చెప్పింది. సైకిళ్ల షెడ్డు సంగతి కూడా."

సోల్వెయ్ దుప్పటి అంచు సరిచేసుకుంటోంది.

"ఉల్లాకి ఇవాళే చెప్పేస్తాను, నోరు మూయిస్తాను. కానీ నాకొకటి తేలాలి. దాచకు. నడపలేదని ఒక్క మాట అనుంటే నీ కుర్చీ నీకుండేది. ఇర్యా కోసమే కదా వదులుకున్నావు? అవునా, కాదా?"

సోల్వెయ్ రోలరు ఆపింది. నుదురు మోచేత్తో తుడుచుకుంది.

"అవునని చెప్పు అందరికీ, వినడానికి బాగుంటుంది. నువ్వు అడిగావు గనక చెబుతున్నాను మైబ్రిట్. అతను అడగగానే ఇర్యా చెయ్యి గుర్తొచ్చింది, అది అబద్ధం కాదు. కానీ దానికన్నా ఒక్క పిసరు ముందు ఇంకోటి గుర్తొచ్చింది. వెళ్లిపోతే రేపు పొద్దున్న ఒక్క చొక్కా కూడా చూడక్కర్లేదని. నా చేత నడపగలదు అనిపించింది ఆ రెండిట్లో ఏదో, నాకిప్పటికీ తెలీదు. ఆ కొస గట్టిగా పట్టుకో, జారిపోతోంది."